బిళ్ళకు ముందు బిందె

రోహిణి కార్తె ప్రవేశించిన నాలుగవనాడు, పల్నాటి సీమలోని మా ఊరి చెరువులో పూడికతీత పని సాగుచుండగా, ఉదయము పది గంటల వేళ గట్టు వెంట నడచిపోవుచున్న నేను, అరువదియేండ్లు దాటిన మా మేనత్త మట్టితట్టను దించి, తుమ్మచెట్టు క్రింది చారెడు నీడలో చతికిలబడి, కుడి మోకాటిని రెండు అరచేతులతో అదిమికొనుచు, కొంగుముడి విప్పి అందుండి ఒక నొప్పిబిళ్ళను తీసి, నోట వేసికొని, గుక్కెడు నీరైనను లేకయే మ్రింగుట చూచితిని.

"నీళ్ళేవి అత్తా?" అంటిని.

"తెచ్చుకున్న సీసా తొమ్మిదింటికే అయిపోయింది నాయనా. ఈ కాస్త బిళ్ళకు నీళ్ళెందుకులే" అనెను.

ఉదయమేమైనను తింటివా యని అడుగగా, టీ త్రాగి వచ్చితిననియు, ఇంటికి పోయిన పిదప అన్నము తినెదననియు చెప్పెను. ఆ బిళ్ళ ఆనాటికి మొదటిది కాదు. పనికి బయలుదేరునపుడొకటి, పని నడుమ నొకటి, రాత్రి మంచమెక్కబోవుచు నొకటి. ఇట్లు మిరపకాయ కోతలనాటినుండి మూడు నెలలుగా ఆమెకు దినము గడచుచున్నది.

ఉత్త కడుపు, చెమటతో నీరింకిన దేహము, ఆ పైని నొప్పిబిళ్ళ: ఈ మూడును ఒక్కచోట కలిసిన ఆ క్షణమును గూర్చియే నేనిచ్చట మాటలాడదలచితిని. వేసవిలో కీళ్ళనొప్పితో బాధపడువారికి బిళ్ళకు ముందు కావలసినది బిందెడు మంచినీరు, ఆ బిందె పెట్టుటకు తగిన నీడ. ఈ రెంటిని సమకూర్చక, బిళ్ళను మాత్రము కిళ్ళీకొట్టులో మిఠాయివలె చౌకగా చేతికందించుచున్న మన లోకరీతి ప్రాణములమీదికి తెచ్చునదని నా దృఢాభిప్రాయము.

కీళ్ళనొప్పి చలికాలపు వ్యాధియనియు, ముసురు పట్టినపుడే మోకాళ్ళు సలుపుననియు మన యిండ్లలో ఒక నమ్మకము స్థిరపడియున్నది. అది వట్టి భ్రమయని త్రోసివేయ వీలులేదు. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయ పరిశోధకులు, దీర్ఘకాలపు నొప్పులు గల రెండువేల ఆరువందలమందికి పైగా జనులచేత నెలల తరబడి తమతమ నొప్పిని దినదినమును సెల్‌ఫోనులో నమోదు చేయించి, ఆయా దినముల వాతావరణముతో పోల్చి చూచి, గాలిలో తేమ హెచ్చినను, వాయుపీడనము తగ్గినను, గాలి జోరు పెరిగినను నొప్పి కొంత అధికమగుచున్నదని 2019లో ప్రకటించిరి. ఉష్ణోగ్రతకు మాత్రము అట్టి స్పష్టమైన సంబంధము వారికి కానరాలేదు. కావున ఎండ తగిలినంతమాత్రమున కీలు అరిగిపోదు. ఒక పూట నీరు తక్కువ త్రాగినంతనే మోకాటిలోని గుజ్జు ఎండిపోవునను ప్రచారమును అతిశయోక్తియే. అయినను బ్రిటనులోని వేసవి వేరు, రెంటచింతలలోని వేసవి వేరు. 45 డిగ్రీల యెండ కీలును నేరుగా ముట్టకపోయినను, దాని చుట్టునున్న సమస్తమును ముట్టును. చెమటతో నీరును, ఉప్పును వెడలిపోగా పిక్కలు, తొడలు పట్టివేయును; మోకాటికి దన్నుగా నిలువవలసిన తొడకండరము సొమ్మసిల్లినచో బరువంతయు కీలుపైననే పడును; వేడికి రక్తనాళములు విప్పారి చీలమండలు ఉబ్బును; కోస్తాలో ఉక్కపోతకును, తెలంగాణలో వడగాలికిని నిదురపట్టని రాత్రి, మరునాటి నొప్పిని ఓర్చుకొను శక్తిని హరించును.

మన ప్రాచీన వైద్యులు ఈ సంగతిని తమ పరిభాషలో చెప్పియే యున్నారు. వాతము గ్రీష్మమున సంచయించి, వర్షర్తువున ప్రకోపించి, శరత్తున శమించునని వాగ్భటాదుల మతము. ఆ దోషసిద్ధాంతమును నేటి శరీరశాస్త్రముతో ముడివేసి సమర్థింపజూచుట నా ఉద్దేశము కాదు. కాని తొలకరి ముసురులో సలుపు మోకాటికి మూలము వెనుకటి వేసవిలో పోగుపడినదని వారు గ్రహించిన తీరు నాకు మిక్కిలి అర్థవంతముగా తోచును. తక్కిన ఋతువులలో కూడదన్న పగటినిద్రను వారు గ్రీష్మమున అనుమతించిరి, వ్యాయామమును తగ్గింపుమనిరి, చల్లనిదియు, తీయనిదియు, ద్రవప్రాయమునగు ఆహారమును పుచ్చుకొమ్మనిరి. ఎండలో చెరువుమట్టి మోయు మనిషికి ఆ ఋతుచర్యను ఎవరు కల్పింపవలెను? ఆ ప్రశ్నకు పిదప వచ్చెదను.

వేసవికిని కీళ్ళకును గల సంబంధము తేటతెల్లముగా కనబడు వ్యాధి ఒకటి కలదు. దానిని నేటి వైద్యులు గౌటు అందురు, పూర్వులు వాతరక్తమనిరి. రక్తములో యూరిక్ ఆమ్లము డెసిలీటరునకు ఇంచుమించు 6.8 మిల్లీగ్రాములు దాటినచో, అది కరిగియుండలేక సూదిమొనలవంటి స్ఫటికములై కీళ్ళలో పేరుకొనును. నీరు చెమటయై పోయి మూత్రము చిక్కబడు వేసవిదినములు ఆ స్ఫటికములకు అనుకూలమైన కాలము. అమెరికాలో గౌటు రోగులను పరిశీలించి 2014లో ప్రకటించిన పరిశోధనయందును, వేడిమి హెచ్చి తేమ తగ్గిన వాతావరణములో ఆ పోటు వచ్చు అవకాశము పెరుగుచున్నదనియే తేలినది. నా బాల్యమిత్రుడొకడు వైశాఖమాసపు పెండ్లికి ఖమ్మము పోయి, పగలంతయు పందిరిలో తిరిగి, రాత్రి మాంసముతోడను బీరుతోడను విందారగించి పండుకొని, తెల్లవారుజామున మూడు గంటలకు కేకవేసి లేచి కూర్చుండెను. కుడికాలి బొటనవ్రేలి మొదలు నిగనిగలాడుచు ఎఱ్ఱబడియుండెను. దుప్పటి అంచు తగిలినను అతడు ఓర్వలేకపోయెను. బెణికినదని తలచి పెద్దలు నూనె కాచి మర్దన చేయబోగా బాధ ఇబ్బడి ముబ్బడి యయ్యెను. చల్లని బీరు దాహము తీర్చునని అతడు నమ్మియుండెను. అది దేహములోని నీటిని వెడలగొట్టుటయే గాక, యూరిక్ ఆమ్లమును పెంచి, మూత్రముతో పోనీయక నిలిపివేయునని అతనికి ఎవ్వరును చెప్పియుండలేదు. కల్లును, చక్కెర నిండిన శీతలపానీయములును ఈ విషయమున నమ్మదగినవి కావు. అతడు ఆ పోటు తగ్గినంతనే మందు మానివేసెను. మరుసటి వేసవిలో మరల పడెను. యూరిక్ ఆమ్లమును తగ్గించు అల్లోప్యూరినాల్ వంటి మందులు నొప్పి యున్నను లేకున్నను వైద్యుని ఆజ్ఞమేరకు నిత్యము కొనసాగింపవలసినవి. నొప్పి లేదు గదా యని మనంతట మనము ఆపదగినవి కావు.

ఇచ్చట మరియొక మాట. గౌటు పోటునకు వైద్యులు కొద్దిపాటి మోతాదులోనిచ్చు కోల్చిసిన్ అను పదార్థము మన అడవినాభి దుంపలోను కలదు. అది విన్నవెంటనే మన అడవిలోనే మందున్నదని మురిసిపోవువారు కొందరుందురు. ఆ పదార్థము విషయమున మందునకును మరణమునకును నడుమనున్న యెడము కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. ఏ దుంపలో ఎంతయున్నదో దంచువానికి తెలియదు, మ్రింగువానికి అసలే తెలియదు.

నొప్పిబిళ్ళ కథ ఇంతకంటె విస్తారముగా చెప్పవలసినది. దేహములో నీరు తగ్గినపుడు మూత్రపిండములు తమకు రావలసిన రక్తమును కాపాడుకొనుటకు ప్రోస్టాగ్లాండినులు అను పదార్థములను పుట్టించి, వాని బలముచే తమ రక్తనాళములను తెరచియుంచుకొనును. కీలులో వాపునకు, నొప్పికి తోడ్పడునవియు ఆ జాతి పదార్థములే. ఆస్పిరిను మొదలగు మందులు వీని ఉత్పత్తిని అడ్డగించుటచేతనే నొప్పిని తగ్గించుచున్నవని 1971లో జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. డైక్లోఫినాకు, అసిక్లోఫినాకు, ఐబుప్రోఫెను మొదలగునవి ఈ కోవలోనివే. ఆరోగ్యవంతుడైన మనిషి, కడుపునిండ తిని, దండిగా నీరు త్రాగి, వైద్యుడు చెప్పిన కొలదిదినములు వీనిని వాడినచో మేలే జరుగును; వీనిని నేను నిందింపను. కాని ఎండలో నీరింకిన దేహమున మూత్రపిండము ఎంతో ప్రయాసతో తెరచియుంచుకొన్న ద్వారమును ఈ బిళ్ళ మూసివేయును. రక్తపోటునకు వాడు కొన్ని బిళ్ళలును, నీరుపోవుటకిచ్చు బిళ్ళలును దీనికి తోడైనచో ఆపద మరింత హెచ్చును. మన ముసలివారిలో ఈ మూడును కలిపి మ్రింగువారు ఎందరో కలరు.

ఈ డైక్లోఫినాకునే పశువుల నొప్పులకు వాడగా, ఆ పశుకళేబరములను తిన్న రాబందుల మూత్రపిండములు చెడి, వాని గుండె, కాలేయములపై యూరిక్ ఆమ్లము సున్నపుపొడివలె పేరుకొని అవి చచ్చిపోవుచున్నవని 2004లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిదికి పైగా నశించిన తరువాత 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. మనుష్యదేహము రాబందు దేహమువంటిది కాదు. పోలికను అంతకుమించి సాగదీయరాదు. కాని పక్షుల విషయమున అంత జాగరూకత చూపిన మనము, వైద్యుని చీటీ లేక అమ్మరాదని షెడ్యూలు హెచ్‌లో చేర్చిన ఆ మందును, పల్లెలలో అడిగినదే తడవుగా, పట్టీలు పట్టీలుగా అమ్మనిచ్చుచున్నాము. ఊరి ఆరెంపీ డాక్టరు బిళ్ళతో తృప్తిపడక సూది వేయును. ఆ సూదిలో నొప్పిమందుతోపాటు స్టెరాయిడు కూడ కలిసియున్నచో రోగి మరునాడు పరుగెత్తును, పదిమందికి చెప్పును, ఎముకలు గుల్లబారిన సంగతి మాత్రము ఏండ్లు గడచిన పిదప తెలియవచ్చును. పల్లెకు ఆ డాక్టరొక్కడే దిక్కైనపుడు రోగిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమును తలచుకొనుడు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో, కొబ్బరితోపుల నడుమ, జీడితోటల నడుమ కష్టించు రైతులు, కూలీలు మూత్రపిండముల వ్యాధితో కృశించుచుండుట దశాబ్దములుగా లోకమెరిగిన విషయము. దాని మూలకారణము ఇదమిత్థమని ఇంకను నిర్ధారితము కాలేదు. త్రాగునీటిలోని పదార్థములు, ఎండలో చాకిరి, విచ్చలవిడిగా వాడు నొప్పిబిళ్ళలు, ఇవన్నియు పరిశోధకుల అనుమానపు పట్టికలోనున్నవి. మధ్య అమెరికా దేశములలోని చెరకుతోటల కూలీలలోను ఇట్టి వ్యాధియే ప్రబలగా, ఎండదెబ్బకు దానితో సంబంధముండునని అచ్చటివారు గట్టిగా తలచుచున్నారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రితో పరిశోధనకేంద్రము తెరవబడినది, సంతోషమే. కాని కారణము తేలువరకు మన చేతిలోనున్న జాగ్రత్తలను వాయిదా వేయుటకు న్యాయము లేదు. నీరు, నీడ, బిళ్ళల అదుపు, ఈ మూడింటికిని ఏ పరిశోధనఫలితము కొరకును వేచియుండ నక్కరలేదు.

నీరు త్రాగుడని చెప్పుట సులభము. ఏ నీరు? తెలుగుదేశమున ఈ ప్రశ్న వేయక కీళ్ళనొప్పిని గూర్చి మాటలాడుట అసంపూర్ణము. నాడు నెల్లూరు జిల్లాలో చేరియుండిన దర్శి, పొదిలి ప్రాంతమున, నీటిలోని ఫ్లోరైడుచే ఎముకలు గట్టిపడి, కీళ్ళు బిగిసి, వెన్ను వంగిపోవుచున్న జనులను గూర్చి షార్ట్ అను వైద్యశాస్త్రజ్ఞుడు సహచరులతో కలిసి 1937లో వ్రాసెను. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతపు గ్రామములలో, మెడ త్రిప్పలేక మనిషి మొత్తముగా తిరిగి పలుకరించు వృద్ధులను చూచినవారికి ఆ దృశ్యము మరపునకు రాదు. 1970ల దశకమున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆ జిల్లా పిల్లలలో, యువకులలో మోకాళ్ళు లోపలికి వంగిపోవు వైకల్యమును గుర్తించి ప్రకటించిరి. ఇందులో ఎండకు గల పాత్ర గమనింపదగినది: శీతలదేశములోనివాడు దినమునకు త్రాగు నీరెంత, మే నెలలో నల్లగొండ బండలపై పనిచేయువాడు త్రాగు నీరెంత? లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ పెట్టిన హద్దు రెండు దేశములకును ఒక్కటే యైనను, దాహము ఒక్కటి కాదు. ఎండ ఎంతయో నీరంత, నీరెంతయో ఫ్లోరైడంత. కాచి త్రాగిన క్రిములు చచ్చునుగాని ఫ్లోరైడు పోదు. పటికను, సున్నమును కలిపి దానిని తేర్చు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి; అది ఆ జిల్లాకు గౌరవమో, గాయమో నేను చెప్పజాలను. కృష్ణాజలములు గొట్టములలో వచ్చు ఊళ్ళలోను, వేసవిలో ఆ గొట్టము ఎండిననాడు జనులు మరల పాత బోరునకే పోక తప్పదు. కావున నడివేసవిలో ఆ ఊళ్ళకు నీరు తప్పకుండ చేరుట దాహము మాట మాత్రమే కాదు. కీళ్ళ మాట కూడ.

ఇంటిపట్టున చేసికొనదగిన సంగతులు క్లుప్తముగా చెప్పెదను; ఇవి చాలమందికి సగము తెలిసినవే. కీలు ఎఱ్ఱబడి, వేడిగా ఉబ్బియున్నపుడు మంచుముక్కలను గుడ్డలో చుట్టి పది పదునైదు నిమిషములు ఉంచుట మేలు. మంచును వట్టి చర్మమునకు తగిలింపరాదు. వాపు లేక బిగుసుకొనిపోయిన కీలుకు గోరువెచ్చని కాపడమే హితము, వేసవియైనను సరే. నడక మానరాదు, సూర్యోదయమునకు ముందు కానిచ్చుకొనవలెను. దేహభారమొక కిలో తగ్గినచో అడుగడుగున మోకాటిపై పడు ఒత్తిడి ఇంచుమించు నాలుగు కిలోల మేర తగ్గునని పరిశోధకులు లెక్కగట్టిరి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి, రాగిజావ మన తాతలనాటి వేసవి పానీయములు. వీనికి సాటివచ్చునది సీసాలలో అమ్మునది ఏదియు నాకు కనబడదు. అయితే గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు, రక్తపోటు గలవారు నీటికొలత, ఉప్పుకొలత, కొబ్బరినీటి మాట తమ వైద్యుని అడిగియే నిర్ణయించుకొనవలెను.

కీళ్ళవాతమునకు, అనగా రుమటాయిడ్ ఆర్త్రైటిసునకు, నేడు లోకమంతట వాడు మెథోట్రెక్సేటు అను మందు, భీమవరమున పుట్టి అమెరికాలో కృషిచేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో జరిగిన పరిశోధనలనుండి వెలువడినదని తలచినపుడెల్ల నా హృదయము పొంగును. ఆ మందు వాడువారికి వేసవిలో ఒక హెచ్చరిక అవసరము. అది వారమునకొక్క దినమే మ్రింగవలసినది. వాంతులో విరేచనములో పట్టుకొని దేహము ఎండినపుడు అది వెలుపలికి పోక లోపలనే నిలిచి కీడు చేయగలదు కావున, అట్టి వారములో మ్రింగుటకు ముందే వైద్యుని సంప్రదింపవలెను. ఎండ సోకినపుడు చర్మము త్వరగా కమిలిపోవుటయు కలదు.

ఇక నేను వాయిదా వేసిన ప్రశ్న. 2005లో చేసిన ఉపాధి హామీ చట్టము, పనిచోట త్రాగునీరు, విశ్రాంతికి నీడ, ప్రథమచికిత్స పెట్టె ఉండవలెనని తన షెడ్యూలులో స్పష్టముగా వ్రాసినది. మా చెరువులో ఆనాడు నేను చూచినంతమేర తుమ్మచెట్టు తప్ప నీడ లేదు. నీరు ఎవరి సీసా వారిదే. 2015 మే నెల వడగాడ్పులలో ఉభయ తెలుగు రాష్ట్రములలో వెయ్యికి పైబడి ప్రాణములు పోయిన తరువాత కూడ, ఒక టార్పాలిను పట్ట, నాలుగు గుంజలు, రెండు నీటిడ్రమ్ములు పనికి ముందు సమకూర్చుట మనకు అలవాటు కాకపోవుట నాకు తీరని దుఃఖము. పథకముల పేర్లు మారుచుండును. ఏ పేరున జరిగినను మట్టిపని మట్టిపనియే, ఎండ ఎండయే. అరువదియేండ్లు దాటినవారికి తట్ట మోయుపని కాక నీరందించు పనిని అప్పగింపవచ్చును. పని సూర్యోదయముతో ఆరంభమై పది గంటలకు ముగియవచ్చును. నొప్పిబిళ్ళలు నెలల తరబడి వాడుచున్నవారికి ఊరి ఆరోగ్య ఉపకేంద్రముననే ఏడాదికొకమారు, మూత్రపిండముల స్థితిని తెలుపు క్రియాటినిన్ పరీక్ష చేయవచ్చును. దీనికి గొప్ప ధనరాశి అక్కరలేదు. మండల స్థాయిలో ఒక అధికారి, కార్తె మారకముందే, ఒక్క ఉదయము చెరువుగట్టున నిలిచి చూచిన చాలును.

మా అత్తను నేను మరునాడే పట్టణమునకు తీసికొనిపోయితిని. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఉండవలసినదానికంటె కొంచెము ఎక్కువగా నుండెను. వైద్యురాలు బిళ్ళలన్నియు బల్లపై పెట్టించి, ఒక్కొక్కటే ప్రక్కకు నెట్టి, పైని రాయుటకొక మందును, మరీ భరింపలేనినాడు వేసికొనుటకు పారాసిటమాలును మిగిల్చి, తొడకండరము గట్టిపడుటకు ఒక అభ్యాసము నేర్పెను. ఆరు వారముల పిమ్మట పరీక్షలో ఆ అంకె దిగినది. మోకాలు మాత్రము పూర్తిగా మానలేదు. మానదనియు వైద్యురాలు దాచక చెప్పెను.

మృగశిర దాటి వానలు పడినవి. నేను మరల ఊరికి పోయినపుడు, ఇంకను తెల్లవారకముందే, నులకమంచము ప్రక్క రాగిచెంబుతో నీళ్ళు పెట్టుకొని, గోడకానుకొని కూర్చుండి, కుడికాలును చాపి, నేలకు జేనెడు ఎత్తున నిలిపి, అంకెలు లెక్కించుచున్న మా అత్త నన్ను చూచి లెక్క తప్పెను.

"ఎంతవరకు వచ్చిందిరా అబ్బాయీ, ఏడా ఎనిమిదా?"

ఏడు అంటిని. ఆమె కాలు దించక ఎనిమిది అనెను.